ఆఫీసుకీ, చెరువు కట్టకీ ఒకటే ఎలక్ట్రిక్ సైకిల్: నడుమ కడ్డీ ఉన్నది కొనేముందు

ఎలక్ట్రిక్ సైకిల్ కావాలని షాపులో అడిగితే ముందు రెండు అంకెలు చెప్తారు. మోటారు ఎన్ని వాట్లు, ఒక చార్జికి ఎన్ని కిలోమీటర్లు. ఈ రెండూ మీ నిర్ణయానికి పెద్దగా పనికిరావు. వాట్ల సంగతి చట్టమే తేల్చేసింది, అందుకే షాపులో ఉన్న అన్ని సైకిళ్ల మీదా దాదాపు ఒకే అంకె ఉంటుంది. కిలోమీటర్ల అంకెకేమో ఎవరు తొక్కారు, ఎంత బరువుతో తొక్కారు, ఏ రోడ్డు మీద తొక్కారు అన్న వివరం ఉండదు. కొన్న నెల తర్వాత రోజూ మీకు తగిలేవి వేరే ఉంటాయి. ఫ్రేమ్ మీ కాళ్లకు సరిపోయిందా? పెడల్ మీద కాలు పెట్టగానే మోటారు ఎలా లాగుతోంది? వెనక చక్రం పంక్చరైతే మీ వీధి చివర షాపతను చేయగలడా? బ్యాటరీ అయిపోతే ఇంటిదాకా తొక్కుకుంటూ రాగలరా?

ఈ వ్యాసం ఒక రకం సైకిల్ గురించే. సీటు నుంచి హ్యాండిల్ దాకా పైన కడ్డీ ఉండి, కాలు ఎత్తి వెనక నుంచి తిప్పి ఎక్కేది. మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన జెంట్స్ సైకిల్ ఆకారమే. వారంలో అయిదు రోజులు ఆఫీసుకు, ఆదివారం పొద్దున్న ఊరి బయట మట్టి దారికి. రెండింటికీ ఒకటే సైకిల్ చాలా అంటే, చాలు. కాకపోతే ఈ రెండు పనులూ సైకిల్‌ని రెండు వైపులకు లాగుతాయి. టైరు దగ్గర, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దగ్గర, మడ్‌గార్డ్ దగ్గర ఎటో ఒకవైపు మొగ్గక తప్పదు. నా మొగ్గు ఆఫీసు వైపే, ఎందుకంటే తిరిగే కిలోమీటర్లలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది. మన చుట్టుపక్కల మట్టి దారులు కూడా ప్రకటనల్లో కనిపించే కొండ లోయల్లాంటివేం కావు. గండిపేట వైపు గరప దారులు, అనంతగిరి దగ్గర ఎర్రమట్టి బాటలు, కృష్ణా గోదావరి డెల్టాలో కాలువ గట్లు, పొలాల మధ్య డొంకలు. వీటికి మంచి టైర్లున్న మామూలు సైకిల్ సరిపోతుంది.

చట్టం మాట ఒకసారి చూసేద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోల లోపు ఉంటే అది మోటారు వాహనం కింద లెక్కకు రాదు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ గీత దాటినదాన్ని కూడా సైకిలనే చెప్పి అమ్మేవాళ్లున్నారు. "స్పీడ్ లాక్ తీసేస్తాం సార్, 40 వెళ్తుంది" అన్న మాట వినపడితే ఆ షాపు నుంచి బయటికి రావడం మంచిది. అలా మార్చిన బండితో ఎవరికైనా తగిలితే మీ దగ్గర లైసెన్సూ ఉండదు, ఇన్సూరెన్సూ ఉండదు. పైగా వారంటీ కూడా పోతుంది.

కడ్డీ వల్ల ఏం వస్తుంది, ఏం పోతుంది

పైన కడ్డీ ఉంటే ఫ్రేమ్‌లో రెండు త్రికోణాలు ఏర్పడతాయి. త్రికోణం సులభంగా వంగదు. అందుకే అదే బరువు లోహంతో చేసినా, కడ్డీ లేని ఫ్రేమ్ కంటే ఇది గట్టిగా నిలుస్తుంది. గతుకుల మీద, బరువు వేసుకుని మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం ఒకటీ వెనక చక్రం ఒకటీ అన్నట్టు ఊగదు. ఎలక్ట్రిక్ సైకిల్‌లో బ్యాటరీ బరువు కూడా ఫ్రేమ్ మీదే పడుతుంది కాబట్టి ఈ తేడా ఇంకా తెలుస్తుంది. త్రికోణం లోపల ఖాళీలో తాళం, నీళ్ల సీసా, చిన్న సంచి పెట్టుకోవచ్చు. నాలుగు మెట్లు ఎక్కించాలన్నా, కారు వెనక తగిలించాలన్నా చేత్తో పట్టుకోవడానికి ఆ కడ్డీయే ఆధారం.

పోయేది ఎక్కి దిగే సౌకర్యం. చీర కట్టుకునేవాళ్లకు, పంచె కట్టుకునే పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, వెనక పిల్లల సీటు పెట్టేవాళ్లకు కడ్డీ ఫ్రేమ్ వద్దని మొహమాటం లేకుండా చెప్పొచ్చు. సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి దిగాల్సివచ్చేవాళ్లు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. అటువంటివాళ్లకు కడ్డీ కిందికి దిగిన ఫ్రేమే సుఖం. అది లేడీస్ సైకిలని నలుగురు నవ్వుతారేమోనని కడ్డీ ఉన్నది కొని, రోజూ అవస్థపడే మగవాళ్లు తక్కువేం కాదు.

కొలత చూసుకోవడం అయిదు నిమిషాల పని. ఆఫీసుకు వేసుకునే బూట్లతోనే గోడకు వీపు ఆనించి నిలబడండి. ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య నిటారుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా టేపుతో కొలవండి. కడ్డీ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో సైకిల్ వివరాల్లో చూడండి, లేకపోతే షాపులోనే కొలవండి. రోడ్డుకు మాత్రమే అయితే మీ కొలతకూ కడ్డీకీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మట్టి దారికి కూడా అంటే అయిదు సెంటీమీటర్లయినా ఉండాలి. చెరువు కట్ట మీద ఆగినప్పుడు నేల చదునుగా ఉండదు కదా, మీరు కాలు మోపిన వైపు పల్లంగా ఉంటే ఆ రెండు సెంటీమీటర్లూ అక్కడే పోతాయి. మామూలు సైకిలైతే పక్కకు ఒరిగినా ఆపుకోవచ్చు. 22 కిలోల సైకిల్, పైన లాప్‌టాప్ సంచి ఒక స్థాయి దాటి ఒరిగాక చేయి ఆపలేదు, కిందపడేది మీ కాలి మీదే. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోండి. సీటు పైకి లేపుకోవచ్చు కానీ కడ్డీని కిందికి దించలేం.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. మనలో చాలామంది సైకిల్ ఎక్కేది ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, కుడికాలితో నేలను తన్నుకుంటూ నాలుగడుగులు తోసి, కదులుతున్న సైకిల్ మీద కుడికాలు వెనక నుంచి తిప్పి. ఎలక్ట్రిక్ సైకిల్‌తో ఈ అలవాటు ప్రమాదం. పెడల్ మీద మీ బరువంతా పడేసరికి, తొక్కుతున్నారనుకుని మోటారు ఒక్కసారి లాగవచ్చు. మీ కుడికాలు ఇంకా గాల్లోనే ఉంటుంది. అందుకే బ్రేక్ పట్టుకుని, సైకిల్‌ని మీ వైపు కొంచెం వంచి, కాలు తిప్పి రెండు కాళ్ల మధ్య కడ్డీ పెట్టుకుని నిలబడి, ఆ తర్వాతే పెడల్ మీద కాలు వేయాలి. చాలా మోడళ్లలో బ్రేక్ లివర్‌లోనే మోటారు ఆపే స్విచ్ ఉంటుంది, కొనేటప్పుడు అది ఉందో లేదో అడగండి. వెనక క్యారియర్ మీద సంచులు ఎత్తుగా కడితే కాలు తిప్పడానికి చోటు ఉండదు, పక్కలకు వేలాడే సంచులైతే ఆ బాధ లేదు.

మోటారు ఎక్కడుంది, దానికి మీ కాలు సంగతి ఎలా తెలుస్తోంది

30 వేల నుంచి 50 వేల రూపాయల మధ్య దొరికేవాటిలో దాదాపు అన్నింటికీ మోటారు వెనక చక్రం మధ్యలో, హబ్‌లో ఉంటుంది. పెడల్ ఇరుసు దగ్గర మోటారు ఉండే మిడ్-డ్రైవ్ కావాలంటే లక్ష దాటాలి. తేడా తెలియాలంటే ఒక చిన్న లెక్క వేద్దాం. 75 కిలోల మనిషి, 22 కిలోల సైకిల్, 8 కిలోల సంచి కలిపి 105 కిలోలు. వంద మీటర్లకు 8 మీటర్లు లేచే ఎత్తును గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే సుమారు 300 వాట్లు కావాలి. మోటారు 250 ఇస్తే మిగతా 50 మీ కాళ్లు ఇవ్వాలి, అదేమంత కష్టం కాదు. ఎత్తు ఇంకా పెరిగిందనుకుందాం. వేగం 6 కిలోమీటర్లకు పడిపోతుంది. హబ్ మోటారు చక్రంతో కట్టేసి ఉంటుంది కాబట్టి చక్రం నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు అది లాగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. మిడ్-డ్రైవ్ మోటారు చైను ద్వారా, గేర్ల ద్వారా లాగుతుంది. మీరు గేరు తగ్గిస్తే చక్రం నెమ్మదించినా మోటారు తన వేగంలో తాను తిరుగుతూనే ఉంటుంది.

మరి లక్ష పెట్టాలా? విజయవాడలో, భీమవరంలో, కాకినాడలో ఉన్నవాళ్లకు అక్కర్లేదు. అక్కడ ఫ్లైఓవర్లే పెద్ద ఎత్తులు. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ లాంటి ఎత్తుపల్లాలకు కూడా హబ్ మోటారు ఉన్న గేర్ల సైకిల్ సరిపోతుంది, మీరూ కాస్త తొక్కితే చాలు. విశాఖలో కైలాసగిరి, సింహాచలం కొండ దారులు వారం వారం ఎక్కాలనుకునేవాళ్లు మాత్రం మిడ్-డ్రైవ్ గురించి ఆలోచించొచ్చు. దాంట్లో చైను, పళ్ల చక్రాలు తొందరగా అరుగుతాయి, ఎందుకంటే మీ బలంతోపాటు మోటారు బలమూ వాటి మీదే పడుతుంది.

నన్నడిగితే మోటారు చోటు కంటే సెన్సర్ మీదే ఎక్కువ ప్రశ్నలు వేయాలి. రెండు రకాలున్నాయి. క్యాడెన్స్ సెన్సర్‌కు పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే తెలుసు. తిరిగితే మోటారు ఆన్, ఆగితే ఆఫ్. కాలు ఎంత మెల్లగా వేశారు, ఎంత గట్టిగా తొక్కారు అన్నది దానికి పట్టదు. టార్క్ సెన్సర్ మీ కాలి ఒత్తిడిని కొలిచి, దానికి తగ్గట్టు సాయం చేస్తుంది. రోడ్డు మీద తిన్నగా పోయేటప్పుడు మొదటిదైనా ఇబ్బందేం లేదు. ఆటోకీ బస్సుకీ మధ్య మెల్లగా పోయేటప్పుడు, గులకరాళ్ల మలుపులో చక్రం జారుతున్నప్పుడు మాత్రం తేడా ఒంటికి తెలుస్తుంది. అక్కడ మీకు కొంచెం బలమే కావాలి. క్యాడెన్స్ సెన్సర్ అర చుట్టు దాకా ఏమీ ఇవ్వకుండా ఉండి, తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. ఏ సెన్సరో షాపతను చెప్పలేకపోతే మీరే కనిపెట్టొచ్చు. వెనక చక్రం గాల్లోకి లేపి పట్టుకోమని, పెడల్‌ని చేత్తో ఊరికే తిప్పండి. ఏ బలమూ లేకుండా తిప్పినా మోటారు పూర్తి వేగం అందుకుంటే అది క్యాడెన్స్ సెన్సరే.

థ్రాటిల్, అంటే తొక్కకుండానే మోటారును నడిపే హ్యాండిల్ మీది మీట, ఉంటే పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర కదలడానికి, ఎండలో అలసిపోయినప్పుడు. రోజంతా దాని మీదే పోవాలనుకుంటే మాత్రం సైకిల్ ఎందుకు, స్కూటర్ కొనుక్కోవచ్చు.

బ్యాటరీ లెక్క

వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. 36 వోల్టులు, 10.4 ఆంపియర్-అవర్లు అయితే 374 వాట్-అవర్లు. 36 వోల్టులు, 7.65 అయితే 275. ఇదే మీ ట్యాంకు. చదునైన రోడ్డు మీద మీరూ తొక్కుతూ పోతే కిలోమీటరుకు 6 నుంచి 10 వాట్-అవర్లు ఖర్చవుతాయి. థ్రాటిల్ మీదే పోతే 12 నుంచి 18. ఇప్పుడు మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లి వచ్చే మనిషిని తీసుకుందాం, పోను రాను సుమారు 24 కిలోమీటర్లు. తొక్కుతూ వెళ్తే 8 చొప్పున 192 వాట్-అవర్లు. థ్రాటిల్ మీద వెళ్తే 14 చొప్పున 336. కొత్తలో 374 బ్యాటరీ రెండింటికీ సరిపోతుంది. కొన్నాళ్లు వాడాక కెపాసిటీ నూటికి ఎనభైకి పడితే మిగిలేది 300. అప్పుడు థ్రాటిల్ మనిషి ఇంటికి ఇంకా రెండున్నర కిలోమీటర్లుండగానే ఆగిపోతాడు. 275 బ్యాటరీ కొన్నవాళ్లయితే మొదటి రోజే. అందుకని మీ రోజు అవసరానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా బ్యాటరీ చూసుకోండి.

కరెంటు ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు, 374 వాట్-అవర్లు నింపడానికి నష్టాలతో కలిపి అర యూనిట్ కూడా పట్టదు. మామూలుగా ఇచ్చే 2 ఆంపియర్ల చార్జర్‌తో అయిదు గంటలు పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బ్యాటరీ విడిగా ఊడి రావాలి. సెల్లార్‌లో ప్లగ్ దొరకదు, దొరికినా అసోసియేషన్‌తో గొడవ.

అసలు టెన్షన్ పడాల్సింది ఎండ గురించి. లిథియం సెల్స్‌ని సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్య చార్జ్ చేయాలి. మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో నీడలోనే ఆ గీత దాటుతుంది. ఆఫీసు బయట ఎండలో మధ్యాహ్నమంతా నిలబెట్టిన సైకిల్ లోపల వేడి ఇంకా ఎక్కువ. ఇంటికి రాగానే చార్జర్ తగిలించకుండా గంటసేపు చల్లారనిచ్చి పెట్టండి. పడుకునేముందు తగిలించి పొద్దున తీసే అలవాటు వద్దు, గుమ్మం దగ్గర అసలే వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటలు, పొగ పైనున్న లాడ్జిలోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు. సైకిల్ బ్యాటరీ అంతకంటే చాలా చిన్నదే కానీ, మెట్ల దారికి అడ్డంగా చార్జ్ అవుతున్న బ్యాటరీ అంటుకుంటే బయటపడే ఒక్క దారీ మూసుకుపోతుంది. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి. పిన్ను పట్టినంత మాత్రాన 48 వోల్టుల చార్జర్‌ని 36 వోల్టుల బ్యాటరీకి పెట్టకూడదు.

ముళ్లు, రేగడి, పంక్చర్ షాపు

మన మట్టి దారుల్లో ఫోర్క్ కంటే టైరుకే పని ఎక్కువ. సర్కారు తుమ్మ ముల్లు మామూలు టైరును దాటి నేరుగా ట్యూబులో దిగుతుంది. చలికాలం తర్వాత డొంకల్లో పల్లేరు కాయలు, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రెండంగుళాల వెడల్పు టైరు, మధ్యలో నున్నగా, పక్కల్లో కాస్త గరుకుగా ఉన్నది రెండు పనులకూ కుదురుతుంది. అంతా ముద్దలు ముద్దలుగా ఉన్న టైరు తారు రోడ్డు మీద రొద పెట్టి, బ్యాటరీ తాగుతుంది. ట్యూబుల్లో సీలెంట్, అంటే చిన్న రంధ్రాలను లోపల్నుంచే మూసే ద్రవం, పోయించుకోండి, కొన్న రోజే.

వెనక హబ్ మోటారు ఉన్న చక్రానికి పంక్చర్ అంటే చాలామంది భయపడతారు. నిజానికి మన పంక్చర్ షాపతను చక్రం విప్పడు. టైరును ఒక పక్క లివర్లతో లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట ప్యాచ్ వేస్తాడు. మోటారు ఉన్నా ఇదంతా మామూలే. లోపల ముల్లు మిగిలిందేమో టైరులో వేలు తిప్పి చూడమని మాత్రం చెప్పండి. ట్యూబు మార్చాల్సి వస్తేనే చక్రం ఊడదీయాలి. అప్పుడు ముందుగా మోటారు వైరు కనెక్టర్‌ను తిన్నగా లాగి వేరు చేయాలి, మెలిపెట్టకూడదు. ఇరుసు నట్లకు చాలా మోడళ్లలో 18 సైజు స్పానర్ పడుతుంది, అది సీటు కింద సంచిలో ఉంచుకోండి. నట్టు కింద కొక్కెం ఉన్న వాషర్ ఏ వైపు, ఎలా ఉందో విప్పేముందే ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. మోటారు తిరిగే బలానికి ఇరుసు తిరిగిపోకుండా ఆపేది ఆ వాషరే. తప్పుగా బిగిస్తే ఇరుసు తిరిగి వైరు తెగుతుంది.

మడ్‌గార్డ్ ఆఫీసుకు తప్పనిసరి, లేకపోతే వానాకాలంలో వీపంతా బురద గీత. కానీ నల్లరేగడిలో అదే మడ్‌గార్డ్ శత్రువవుతుంది. తడి రేగడి టైరుకు అంటుకుని, మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య దట్టించుకుపోయి చక్రం తిరగనివ్వదు. మోటారు మాత్రం తిప్పడానికి చూస్తూనే ఉంటుంది, అలా కాలిపోయే అవకాశమూ ఉంది. వాన పడిన మర్నాడు రేగడి దారుల్లోకి పోవద్దు. ఎర్రమట్టి, గరప నేల అయితే నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, మధ్యాహ్నానికే తొక్కొచ్చు. మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉండేలా చూసుకోండి.

ముందు సస్పెన్షన్ విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. ఈ ధరల్లో వచ్చే స్ప్రింగ్ ఫోర్క్ బరువు పెంచుతుంది, ఏడాదికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ఆ డబ్బు టార్క్ సెన్సర్‌కో మంచి టైర్లకో పెడితే మేలు. బ్రేకులు రెండు చక్రాలకూ డిస్క్ ఉండాలి. కేబుల్‌తో పనిచేసేదయితే ఏ ఊళ్లోనైనా బాగు చేస్తారు. ఘాట్ రోడ్డు దిగేవాళ్లకు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ మంచిది, దగ్గర్లో పెద్ద సైకిల్ షాపు ఉంటేనే. నీళ్ల విషయానికొస్తే వానలో తొక్కొచ్చు, ఫ్లైఓవర్ కింద నిలిచిన నీళ్లలో ఇరుసు మునిగేలా తోలకూడదు, సర్వీస్ సెంటర్ ప్రెషర్ పంపుతో కడిగించకూడదు.

అమెరికా నుంచి తెచ్చుకుందామనుకునేవాళ్లకు

అక్కడి లెక్కలు వేరు. కాలిఫోర్నియాతో సహా చాలా రాష్ట్రాల్లో 750 వాట్ల దాకా అనుమతి ఉంది, మూడు క్లాసులుగా విడగొట్టారు. క్లాస్ 1, 2లకు గంటకు 20 మైళ్లు, క్లాస్ 3కి 28 మైళ్లు. 2లో మాత్రమే థ్రాటిల్‌తో నడిచే వీలు. అక్కడే ఉండి ఆఫీసుకూ, పార్కు బాటలకూ వాడేవాళ్లకు క్లాస్ 1 మేలు, ఎందుకంటే చాలా మట్టి బాటల్లోకి దాన్నే రానిస్తారు. అది మన దగ్గరికి తెస్తే 750 వాట్లూ, 20 మైళ్లూ మన గీత దాటినట్టే. అసలు తేవడమే కుదరదు. 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో లగేజీలోనూ చేతి సంచిలోనూ పెట్టనివ్వరు, సైకిల్ బ్యాటరీలు దాదాపు అన్నీ దానికి మించినవే. బ్యాటరీ లేకుండా తెస్తే దానికి సరిపోయే బ్యాటరీ ఇక్కడ వెతుక్కోవాలి.

ఆ వెతుకులాట ఇక్కడ కొన్న సైకిల్‌కూ రావచ్చు. డబ్బు కట్టేముందు కొత్త బ్యాటరీ ధర ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది, వారంటీ ఎన్ని నెలలు లేదా ఎన్ని చార్జింగులు అన్నది కాగితం మీద రాయించుకోండి. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు ఉండాలి. టెస్ట్ రైడ్ షాపు ముందు వందడుగులతో సరిపెట్టకండి, దగ్గర్లో ఉన్న ఎత్తొకటి ఎక్కి దిగండి. తిరిగి వచ్చేటప్పుడు బ్యాటరీ ఆపేసి, కిలోమీటరు దూరం గేర్లతోనే తొక్కి చూడండి.